ఇనపపీట ఊగని చోటు

యంత్రం తనంతట తాను ఎవరి జోలికీ రాదని జనం గట్టిగా నమ్ముతారు. పశువుల ఫారంలో గడ్డి నరికే మిషనులో ఒక కుర్రవాడి చెయ్యి పడిందని వినగానే, విన్నవాళ్ళలో ఎవరూ ఆ మిషను ఎలాంటిదని అడగరు. వాడు అక్కడ ఏం చేస్తున్నాడని అడుగుతారు. జవాబు కూడా వాళ్ళే చెప్పుకుంటారు: ఆ వయసులో చేతులు ఊరుకోవు, చెబితే చెవికెక్కదు, అనుభవించాల్సిందే. ఈ నమ్మకం నిజమే కావచ్చు. అయితే అది నిజమో కాదో తేలాలంటే ఎవరైనా ఒకరు అక్కడికి వెళ్ళి కొలిచి చూడాలి.

కొలిచి చూడటమే టేపు మేడం వృత్తి. ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో చాలాకాలం పనిచేసి, పై అధికారితో మాట పట్టింపు వచ్చి రాజీనామా చేసి, ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడిన ఆవిడ. చేతిసంచిలో ఉక్కు టేపు లేకుండా గడప దాటదు. అందువల్ల వచ్చిన పేరే అది. ఆ రోజు ఆమెను ఫారానికి పంపింది గాయపడిన కుర్రవాడి తరపు వకీలు. పదకొండున్నరకు ఆమె గేటు దాటింది. సాయంత్రం నాలుగింటికి ఎస్సై వస్తాడని వకీలు ముందే హెచ్చరించాడు.

నాలుగు దాటితే జరగబోయేది ఇది. కుర్రవాణ్ణి ఇంట్లో చిన్నోడంటారు, వయసు పద్నాలుగు. అతని అన్నను పెద్దోడంటారు. పందొమ్మిదేళ్ళవాడు, అదే ఫారంలో ట్రాక్టరు డ్రైవరు. చిన్నోడు అక్కడ పనివాడు కాడనీ, తనకు అన్నం తెచ్చి ఆటకి మిషనులో చెయ్యి పెట్టాడనీ, స్విచ్చి వేసింది తనేననీ పెద్దోడు వాంగ్మూలం మీద సంతకం చేయబోతున్నాడు. ఆ సంతకం పడితే నేరమంతా అన్న మీద పడుతుంది. యజమానికి ఏ బాధ్యతా ఉండదు. అన్న జైలుకి వెళతాడు. తమ్ముడు ఆస్పత్రి మంచం మీద, చితికిన చేత్తో, ఏ హక్కూ లేనివాడిగా మిగులుతాడు.

మిషను షెడ్డులో అప్పటికే ముగ్గురు ఉన్నారు. అందరూ అయ్యగారని పిలిచే యజమాని, ఆయన వెనక రెండడుగుల దూరంలో మేస్త్రీ, మిషనుకి ఆనుకుని మాజీ. మాజీ అంటే బీమా కంపెనీ పంపిన పరిశోధకుడు. ఒకప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం ముగిసి ఐదేళ్ళయినా ఆయన పోలీసు నడక ఇంకా పోలేదు. ఈ మేడమూ ఆయనా ఇంతకుముందు మూడు కేసుల్లో తలపడ్డారు. రెండింటిలో ఆయన నెగ్గాడు, ఆ సంగతి కలిసినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

"రండి మేడం, రండి! టేపు తెచ్చారా, ఇంటి దగ్గర మర్చిపోయారా?"

"తెచ్చానండీ ఇన్‌స్పెక్టరు గారూ. మీరే లాఠీ మర్చిపోయినట్టున్నారు."

మేస్త్రీ ఫక్కున నవ్వాడు. యజమాని తల తిప్పి చూడగానే ఆ నవ్వు దగ్గుగా మారింది.

"ఎండన పడి వచ్చారు, ముందు కూర్చోండమ్మా," అన్నాడు యజమాని. "చల్లగా ఏమైనా తాగి, తర్వాత చూసుకోవచ్చు. మిషను ఎక్కడికి పోతుంది?"

"మిషను ఎక్కడికీ పోదు. నాలుగు గంటలవుతుంది."

ఆమె కూర్చోలేదు. ఆ పూటంతా ఎక్కడా కూర్చోలేదు. మిషను చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్ళీ ఎదురు దిశలో తిరిగింది. ఒక మోటారు, ఒక బెల్టు, ఒక ఇనప తొట్టి. తొట్టిలోంచి పచ్చి చొప్పను తోస్తే లోపల రెండు రోలర్లు దాన్ని పట్టి లాగుతాయి. రోలర్ల వెనక చక్రానికి బిగించిన కత్తులు నరుకుతాయి. రోలరు చొప్పనీ చేతినీ ఒకే పట్టు పడుతుంది. అందుకే చెయ్యి అంత దూరం పోకుండా తొట్టి మీద రేకు మూత ఉండాలి. ఉంది. ఆమె మూత బోల్టును రెండు వేళ్ళతో పట్టి తిప్పింది. అది తిరిగింది.

"మొన్న పోలీసులు విప్పి చూశారు," అన్నాడు మాజీ ఆవులిస్తూ. "మళ్ళీ బిగించేటప్పుడు వదులుగా బిగించి ఉంటారు. అది రాసుకోకండి, కోర్టులో నిలవదు."

"మూత లోపలివైపు చొప్ప పసరు మరక ఒక్కటీ లేదు. తొట్టి నిండా ఉంది."

"కడిగి ఉంటారు."

"తొట్టిని వదిలేసి మూతని మాత్రం కడిగారా?"

"శుభ్రత విషయంలో ఒక్కొక్కరి అలవాటు ఒక్కొక్కటి మేడం. మా ఆవిడ గిన్నె కడుగుతుంది, మూత కడగదు. వీళ్ళు తిరగేశారు."

ఆమె అప్పటికే మోకాళ్ళ మీద వంగి నేల చూస్తోంది. మిషను కడిగిన నీళ్ళు పోవడానికి సిమెంటు నేలను ఒక మూల మాత్రం కాలువ వైపు వాలుగా దించారు. తొట్టి ముందు నాలుగు తుప్పు మరకలు ఉన్నాయి, మూడు చదును మీద, ఒకటి ఆ వాలు మీద. నాలుగూ గుండ్రనివే. ఒక్కొక్కటీ రెండేసి వలయాలు: లోపలిది చిన్నది, ముదురు గోధుమరంగు, బయటిది కాస్త పెద్దది, లేత నారింజరంగు. నాలుగింటినీ కలిపితే మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం లాంటిది వచ్చింది. ఆమె వాటి మధ్య దూరాలు కొలిచింది. జంట వలయాలు ఎందుకున్నాయో మాత్రం అప్పటికి ఆమెకి అంతుపట్టలేదు.

"ఇక్కడ ఏం పెట్టేవారు?"

"ఏమీ పెట్టేవాళ్ళం కాదమ్మా," అన్నాడు మేస్త్రీ చాలా తొందరగా.

"చెత్తబుట్ట," అన్నాడు యజమాని అదే క్షణంలో.

మాజీ కూడా ఆ రెండు జవాబులూ విన్నాడు. మీసం సవరించుకున్నాడు.

పెద్దోణ్ణి పాలగదిలో కూర్చోబెట్టారు. ప్రమాదం జరిగి పది రోజులైంది. ఆ పది రోజులూ అతను ఆస్పత్రి వరండాలోనే ఉన్నాడు, ఆ పొద్దున్నే యజమాని కారు పంపించి రప్పించాడు. గడ్డం మాసి ఉంది. అరచేతుల్లో స్టీరింగు కాయలు. యజమాని గుమ్మంలోనే నిలబడ్డాడు, కదిలేలా లేడు.

"చెప్పు నాయనా, మొదటినుంచి," అంది మేడం, గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి నడుస్తూ.

"మధ్యాహ్నం నా తమ్ముడు నాకు అన్నం తెచ్చాడు. వాడు ఇక్కడ పని చెయ్యడు. నేను మిషను స్విచ్చి వేసి పక్కకు వెళ్ళాను. వాడు ఆటకి చెయ్యి పెట్టాడు. తప్పంతా నాది."

"ఇంకోసారి చెప్పు."

"మధ్యాహ్నం నా తమ్ముడు నాకు అన్నం తెచ్చాడు. వాడు ఇక్కడ పని చెయ్యడు. నేను మిషను స్విచ్చి వేసి..."

ఒక్క అక్షరం మారలేదు. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"బాగుంది. ఇప్పుడు వెనకనుంచి ముందుకి రా."

"వెనకనుంచా?"

"చెయ్యి పెట్టకముందు వాడు ఎటువైపు నిలబడ్డాడు? అంతకుముందు నువ్వు అన్నం తిన్నావా?"

"తిన్నా... లేదు మేడం, తినలేదు."

"మరి డబ్బా ఎక్కడ పెట్టావు?"

"ట్రాక్టరు మీద."

"ట్రాక్టరు ఎక్కడుంది?"

"పొలంలో, చొప్ప ఎత్తుతు..." పెద్దోడు ఆగిపోయాడు.

"ట్రాక్టరు పొలంలో ఉంటే, దాని డ్రైవరు మిషను షెడ్డులో స్విచ్చి ఎలా వేశాడు?"

"కుర్రాడు అసలే బెదిరిపోయి ఉన్నాడు," అన్నాడు యజమాని గుమ్మంలోంచి. "వాడి నోట్లో మాటలు పెట్టకండి మేడం."

"నేను పెట్టడం లేదండీ. ఎవరో పెట్టి వెళ్ళారు. అవి బయటికి తీస్తున్నాను."

యజమాని మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూ వరండాలోకి పోయాడు. పెద్దోడు ఆ వీపు దూరమయ్యేదాకా చూసి, గొంతు తగ్గించాడు.

"మేడం, మీకు దణ్ణం పెడతాను, వెళ్ళిపోండి. పెద్దాస్పత్రిలో వాడికి ఆపరేషన్ చేయిస్తానని అయ్యగారు మాటిచ్చారు. ఇంకా ఆలస్యమైతే ఉన్న వేళ్ళు కూడా దక్కవని డాక్టరు అన్నాడు. నేను సంతకం పెడితే చాలు, రేపు పొద్దున్నే తీసుకెళ్తారు. జైలుకి పోతే నేను రెండేళ్ళకో మూడేళ్ళకో వస్తాను. వాడి చెయ్యి మళ్ళీ వస్తుందా?"

"మిషను దగ్గర పనివాడికి దెబ్బ తగిలితే వైద్యం చేయించాల్సింది యజమానే. అది ఆయన దయ కాదు, ఆయన బాధ్యత. నువ్వు జైలుకి పోనక్కర్లేదు."

"చట్టం అలాగే చెబుతుంది మేడం. ఇచ్చేటప్పుడు అది కనపడదు కదా. నాకు కనపడేది అయ్యగారే."

అతని మొహంలో కోపం లేదు. బేరం కుదుర్చుకున్నవాడి అలసట ఉంది. అతని నోటి నుంచి నిజం రాదని ఆమెకి అర్థమైంది. అతని మాట లేకుండానే నిజం రుజువు కావాలి. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఆమె గదిలో మళ్ళీ నడక మొదలుపెట్టింది. తిరుగుతూ తిరుగుతూ మూలనున్న పాలక్యానుకి తగిలింది.

క్యాను ఊగింది.

అది ఒక ఇనపపీట మీద ఉంది. పైపు ముక్కలతో కాళ్ళు, పైన చారల రేకు. ఊగకుండా ఉండడానికి ఒక కాలి కింద మడతపెట్టిన గోనెసంచి దూర్చారు. ఆమె క్యానును కిందికి దించి, గోనెసంచి లాగేసి, పీట మీద అరచెయ్యి ఆనించింది. టక్. రెండో మూల. టక్. కాళ్ళను కొలిచింది: మూడు కాళ్ళు తొమ్మిదేసి అంగుళాలు, నాలుగోది పది. తర్వాత కాళ్ళ మధ్య దూరం కొలిచింది. ఆ కొలత చూశాక టేపు చుట్టేసి, పీటను చంకన పెట్టుకుని బయటికి నడిచింది.

"పాలగదిలోంచి సామాను ఎత్తుకుపోతున్నారేంటి మేడం? దొంగతనం కేసు పెట్టమంటారా?" మాజీ వరండాలో ఎదురొచ్చాడు.

"ఇది ఏం పీట?"

"పాలక్యాన్ల పీట. కనపడటం లేదా?"

"పాలగదిలో నేల చదునుగా ఉంది. ఈ పీట కాళ్ళు చదును నేలకి చేసినవి కావు. మీరు నా మాట నమ్మకండి. మీరే పట్టుకోండి, మీకిష్టమొచ్చిన చోట పెట్టి చూడండి."

సవాలు విసిరితే మాజీ వదలడు. పీట అందుకున్నాడు. వరండాలో పెట్టి బూటుకాలితో నొక్కాడు: టక్ టక్. దాణా గోదాములో పెట్టాడు: టక్ టక్. పాక ముందు గచ్చు మీద, పంపు దగ్గర పలకల మీద, చివరికి తన కారు పక్కన కంకర తారు మీద కూడా పెట్టాడు. ఎక్కడ పెట్టినా ఒక కాలు గాల్లోనే ఉంది. యజమాని ఫోను ముగించి వెనకే వచ్చాడు. మేస్త్రీ ఆయన వెనక వచ్చాడు. పెద్దోడు అందరి వెనకా, ఎవరూ రమ్మనకపోయినా వచ్చాడు.

"ఇక ఆ షెడ్డులో," అంది మేడం.

మిషను ముందు, నాలుగు తుప్పు మరకల మీద, మాజీ పీటను దింపాడు. పది అంగుళాల కాలు కాలువ వైపు వాలు మీద, మిగిలిన మూడూ చదును మీద. నాలుగు కాళ్ళూ నాలుగు వలయాల్లో కూర్చున్నాయి. ఆయన ఒక మూల నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకో మూల నొక్కాడు. చప్పుడు లేదు. చివరికి తనే పైకెక్కి నిలబడ్డాడు. పీట కదల్లేదు.

"ఈ నేల వాలు కొలుచుకుని, ఈ చోటు కోసమే దీన్ని చేయించారు," అంది ఆమె. "అన్నం డబ్బా తెచ్చి ఒక్కసారి వచ్చిపోయేవాడికి ఎవరూ పీట చేయించరు."

"పీట ఉన్నంత మాత్రాన పనివాడు పుట్టుకురాడు మేడం. పనివాళ్ళలో ఎవడో పొట్టివాడు ఎక్కి ఉంటాడు. మీకూ తెలుసు, ఇలాంటివి కోర్టులో ఎన్ని చూశాం!"

"ఇక్కడ పెద్దవాళ్ళలో అందరికంటే పొట్టి ఎవరు?"

అందరి కళ్ళూ మేస్త్రీ మీద పడ్డాయి.

"మేస్త్రీ, ఒక్కసారి ఎక్కవయ్యా."

"నాకెందుకమ్మా? నేను కింద నిలబడే చేస్తాను. ఆ పీట పెద్దవాళ్ళకి పనికిరాదు."

అన్నాక గాని తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. యజమాని పళ్ళు కొరికిన చప్పుడు పక్కవాళ్ళకి వినిపించింది. మేస్త్రీ చేసేది లేక పీట ఎక్కాడు. తొట్టి నోరు అతని పొట్ట కిందికి వచ్చింది. మేత పెడుతున్నట్టు వంగమంటే రెండుగా మడతపడ్డాడు.

"అరగంట ఇలా చేస్తే నా నడుం నాది కాదమ్మా," అని గొణిగి దిగిపోయాడు.

ఆమె టేపు తీసింది. "నిలబడి మేత పెట్టేవాడి మోచెయ్యి తొట్టి నోటికి సరిగ్గా ఉండాలి. లేకపోతే పూటంతా చెయ్యలేడు. తొట్టి నోరు నేలనుంచి నలభై అంగుళాలు. మేస్త్రీ మోచెయ్యి నలభై. కాబట్టి ఇతనికి పీట అక్కర్లేదు. చిన్నోడి మోచెయ్యి ఈ పొద్దున ఆస్పత్రిలో కొలిచాను. ముప్పై నాలుగు. వాడికి ఎంత ఎత్తు పీట కావాలి?"

"ఆరంగుళాలు," అన్నాడు మాజీ. తర్వాత ఆయన మొహం మెల్లగా విప్పారింది. వంగి, తన జానతో పీట ఎత్తు చూసుకున్నాడు. "ఒక్క నిమిషం మేడం. ఆరు కదా కావాల్సింది? ఇది తొమ్మిది! మీ లెక్క ప్రకారమే ఈ పీట ఆ కుర్రాడిది కాదు!"

షెడ్డులో అందరూ ఊపిరి వదిలారు. యజమాని అరగంట తర్వాత మొదటిసారి నవ్వాడు.

"లెక్కలు తెలిసినవాళ్ళతో ఇదే హాయి," అన్నాడు మాజీ, చేతులు దులుపుకుంటూ. "ఎవరూ ఓడించక్కర్లేదు. వాళ్ళే ఓడిపోతారు. నేను రిపోర్టు పంపించేస్తున్నానండీ. గాయపడ్డవాడు పనివాడు కాదు. మా కంపెనీకి సంబంధం లేదు."

ఆమె కదల్లేదు. పూటంతా నిలకడగా ఉండని మనిషి ఇప్పుడు రాయిలా నిలబడింది. లెక్క తప్పు కాదు. మోచెయ్యి కొలిచింది రెండుసార్లు. తొట్టిని కొలిచింది మూడుసార్లు. అలాంటప్పుడు అదనంగా ఉన్న మూడంగుళాలు ఎక్కడినుంచి వచ్చాయి? ఆమె పీటను తిరగేసింది.

నాలుగు కాళ్ళ చివరలా, పాత సన్న పైపు మీద కాస్త లావు పైపు ముక్కలు తొడిగి అతికించారు. ముక్కలు ఒక్కొక్కటీ పాత కాలి చివర దాటి మూడంగుళాలు కిందికి దిగాయి. పాత పైపు తుప్పుపట్టి నల్లబడింది. కొత్త ముక్కల మీద ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా పోలేదు. వెల్డింగు అతుకు వెండిలా మెరుస్తోంది.

నేల మీది జంట వలయాల సంగతి అప్పుడు తెలిసింది. లోపలి ముదురు వలయం సన్న పైపుది, ఏళ్ళ తరబడి పడింది. బయటి లేత వలయం లావు పైపుది, నాలుగు రోజుల నాటిది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈ తొడుగులు లేకపోతే పీట ఎత్తెంత?"

మాజీ చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఆరు."

"చిన్నోడికి సరిగ్గా సరిపోయే ఆరు. ఇప్పుడు చెప్పండి, చిన్నోడు పది రోజులుగా ఆస్పత్రిలో ఉంటే, ఈ వారంలో ఈ పీటను మూడంగుళాలు ఎవరికోసం పెంచారు?"

మాజీ తనకి తెలియకుండానే మనసులో లెక్క కట్టాడు. పైకే అనేశాడు:

"మోచెయ్యి ముప్పై ఒకటి. అంటే... నాలుగడుగుల మనిషి. పదేళ్ళుంటాయేమో."

"అయ్యగారూ," అంది మేడం, "ఈ వారం మేత ఎవరు పెడుతున్నారు?"

"నాకేం తెలుసు? ఇవన్నీ మేస్త్రీ చూసుకుంటాడు." యజమాని వెనక్కి తిరిగాడు. "మేస్త్రీ!"

మేస్త్రీ లేడు. అతను ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ గమనించలేదు.

పెద్దోడు ముందుకొచ్చాడు. నేల మీది పీటను చూస్తున్నాడు. చూపు పీట మీదనుంచి తొట్టి మీదికి, తొట్టి మీదనుంచి యజమాని మీదికి పాకింది.

"చిన్నోడి తర్వాత మీ ఇంట్లో ఎవరున్నారు బాబూ?" అంది మేడం మెల్లగా.

"చెల్లెలు." అతను పీట కొత్త కాళ్ళు తడిమి చూశాడు. "బళ్ళో ఉంటుంది. అమ్మ చిన్నోడి దగ్గరుంది కదా, అందుకని మేస్త్రీ వాళ్ళ ఇంట్లో అన్నం పెడతామన్నారు, అక్కడే... అయ్యగారూ! మా ఇంటివాళ్ళని ఇంకెవర్నీ ఆ మిషను దగ్గరికి రానివ్వనన్నారు కదండీ! దేవుడి మీద ఒట్టేశారు కదా! నా చెల్లెలేది?"

"నాకు తెలీదన్నానుగా! గొంతు తగ్గించి మాట్లాడు."

"ఎందుకు తగ్గించాలి?" పెద్దోడు మేడం వైపు తిరిగాడు. పది రోజులుగా కంఠతా పట్టిన పాఠం ఒక్కసారిగా పోయింది. "నేను స్విచ్చి వెయ్యలేదు మేడం. నేను పొలంలో ఉన్నాను. చిన్నోడు రెండేళ్ళనుంచి ఈ మిషను మీదే ఉన్నాడు. మూత ఉంటే పని సాగడం లేదని అయ్యగారే తీయించారు. గేటు దగ్గర కొత్త బండి కనపడితే చిన్నపిల్లల్ని గడ్డి గదిలోకి తోసి తాళం పెడతారు. బండి వెళ్ళాకే తీస్తారు. ఎప్పుడూ అంతే!"

మేడం గడియారం చూసింది. మూడు కావస్తోంది. గేటు దాటి తను వచ్చింది పదకొండున్నరకి.

"ఏ గది?"

పెద్దోడు అప్పటికే పరుగెడుతున్నాడు.

గడ్డి గది పాకల వెనక ఉంది. నిన్ననో మొన్ననో కోసిన పచ్చిగడ్డిని ఆరకుండానే లోపల కుక్కినట్టున్నారు. అలా కుక్కిన గడ్డి లోలోపలే కాగుతుంది. ఇనప తలుపు మీద ఆమె చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ఉన్న ఒక్క కిటికీకి మాటలు బయటికి రాకుండా గోనెలు కుక్కారు. తాళంచెవి మేస్త్రీ మొలతాడుకి ఉంటుందని పెద్దోడు చెప్పాడు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. పెద్దోడు చెల్లెల్ని పేరు పెట్టి పిలిచాడు, రెండుసార్లు, మూడుసార్లు. జవాబు రాలేదు.

"ఇన్‌స్పెక్టరు గారూ," అంది మేడం.

మాజీ కోటు విప్పి ఆమె చేతికిచ్చాడు. పంపు దగ్గరున్న ఇనప కడ్డీ తెచ్చాడు. యజమాని అడ్డం వచ్చి, "ఇది నా ఆస్తి! వారంటు లేకుండా..." అన్నాడు.

"నేను మాజీనండీ. నాకు వారంటు ఎవరిస్తారు?" కడ్డీని తాళంలో దూర్చి మెలితిప్పాడు. "మీరు చిన్నవాళ్ళని పెట్టుకుని, పెద్దవాళ్ళే ఉన్నారని మా కంపెనీకి రాసిచ్చారు. ఆ పాలసీ చెల్లదు. ఇక పడే ప్రతి పైసా మీ జేబులోంచే. కాస్త పక్కకి జరగండి."

మూడో పట్టుకి గొళ్ళెం ఊడింది. వేడిగాలి మొహాన కొట్టింది. చీకట్లో ముందు కళ్ళు మాత్రమే కనిపించాయి. ఒక జత కాదు. మేడం లోపలికి అడుగు వేయగానే ఆ కళ్ళు వెనక్కి జరిగాయి.

"మేము మాట్లాడలేదు," అన్నాడు ఒక పిల్లవాడు, ఎండిన గొంతుతో. "ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టేపు మేడం వస్తే జైల్లో పెడుతుందన్నారు. అది మాత్రం పడుకుంది, ఎంత లేపినా లేవట్లేదు."

పెద్దోడు ఆమెను తోసుకుంటూ లోపలికి పోయాడు.

నాలుగుంపావుకి ఎస్సై వచ్చాడు. గడ్డి గదిలోంచి బయటికి వచ్చినవాళ్ళు నలుగురు. అందరికంటే పెద్దవాడికి పన్నెండేళ్ళు. అందరికంటే చిన్నది పెద్దోడి చెల్లెలు, పది నిండలేదు, మోచేతి ఎత్తు ముప్పై ఒక్క అంగుళాలు. మిగిలిన ముగ్గురూ నడిచి వచ్చారు. ఆమెను అన్న ఎత్తుకుని తెచ్చాడు. మాజీ కారులో ఆస్పత్రికి చేరింది. రాత్రి ఏడింటికి స్పృహలోకి వచ్చింది. మిషను స్విచ్చికి, గడ్డి గదికి సీలు వేశారు. ఇనపపీటను సాక్ష్యంగా తీసుకున్నారు. దాని కొలతల కింద మేడమూ మాజీ ఇద్దరూ సంతకాలు చేశారు. పెద్దోడి పాత వాంగ్మూలాన్ని కొట్టివేసి, కొత్తది రాయించుకుని, అతన్ని సాక్షిగా చేర్చారు. గాయానికి పూర్తి బాధ్యత యజమానిదేనని కేసు నమోదైంది. ఆపరేషన్ ఖర్చు భరిస్తానని ఆయన ఎస్సై ఎదుట రాసిచ్చాడు. మేస్త్రీ దొరకలేదు. చిన్నోడికి మర్నాడు ఉదయం పెద్దాస్పత్రిలో ఆపరేషన్ జరిగింది. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు దక్కాయి.